నాగిరెడ్డి గారు దర్శకులు కారు, రచయితా కారు. మరి విజయా వారి సినిమాల్లో ఆయన చేసిన పని ఏమిటి?

అమ్మా, మీరు ఆమదాలవలస నుంచి అడిగిన ప్రశ్నను ముందు క్లుప్తంగా మళ్ళీ రాస్తాను. తెలుగు సినిమా తొలి స్టూడియోల కాలపు నిర్మాత ఒకరి మీద వ్యాసం రాయమని కళాశాలలో చెప్పారు. మీరు బి. నాగిరెడ్డి గారిని ఎంచుకున్నారు. చదువుతున్న కొద్దీ మీకు ఒక చిక్కు ఎదురైంది. ‘పాతాళభైరవి’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’ అనగానే అందరూ ఆయన పేరు చెబుతారు గానీ, వాటికి ఆయన కథ రాయలేదు, దర్శకత్వం వహించలేదు, వేషమూ వేయలేదు. డబ్బు పెట్టినందుకే ఈ పేరు వచ్చిందా, లేక ఆయన చేసిన పని వేరే ఏదైనా ఉందా అని అడిగారు. బి.ఎన్. రెడ్డి, బి. నాగిరెడ్డి ఒక్కరేనా అన్నది మీ రెండో సందేహం.

సూటిగా చెబుతాను. డబ్బు పెట్టడం ఆయన చేసిన పనుల్లో చిన్నది. ఒక సినిమా పూర్తయ్యాక ఎవరి దారిన వారు వెళ్ళిపోకుండా, రచయితనూ దర్శకుణ్ణీ ఛాయాగ్రాహకుణ్ణీ వడ్రంగినీ రంగులు వేసేవాణ్ణీ ఏడాది పొడవునా ఒకే ప్రాంగణంలో నిలబెట్టి, నెల తిరిగేసరికి జీతాలు అందేలా చూసి, ఒక పని ముగిసేలోపు మరో పని సిద్ధంగా ఉంచడం ఆయన అసలు పని. ఆ విద్యను ఆయన సినిమాల్లో నేర్చుకోలేదని, అచ్చుయంత్రం పక్కన నిలబడి నేర్చుకున్నారని నా నమ్మకం. మీ రెండో ప్రశ్నకు జవాబు: ఒక్కరు కారు, అన్నదమ్ములు.

ఈ మాటలు నేను సినిమా మనిషిగా చెప్పడం లేదు. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర 1969లో కంపోజిటరుగా (అచ్చు అక్షరాలు పేర్చేవాడిగా) చేరి, తరువాత సొంతంగా ప్రెస్సు పెట్టుకుని, 2004 దాకా అచ్చుపనితోనే బతికాను. శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, ఎన్నికల కరపత్రాలు ఎలాగూ ఉండేవి. వాటితో పాటు విజయనగరం, బొబ్బిలి, చీపురుపల్లి, రాజాం, పాలకొండ, నరసన్నపేట వైపు సినిమా హాళ్ళకూ డేరా హాళ్ళకూ కరపత్రాలు, టిక్కెట్టు పుస్తకాలు వేసేవాణ్ణి. నేల, బెంచి, కుర్చీ తరగతులకు మూడు రంగుల పలచటి కాగితం, ప్రతి టిక్కెట్టు మీదా నంబరు. అందుచేత సినిమాను నేను తెర వైపు నుంచి కన్నా, కాగితం వైపు నుంచి ఎక్కువగా చూశాను. నాగిరెడ్డి గారిని అర్థం చేసుకోవడానికి ఆ చూపు నాకు బాగా పనికివచ్చింది.

ముందు అన్నదమ్ముల సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే చాలా వ్యాసాలు ఇక్కడే దారి తప్పుతాయి. ఇద్దరి ఇంటిపేరూ బొమ్మిరెడ్డి, ఇద్దరి పొట్టి పేర్లలోనూ ‘బి.ఎన్.’ అక్షరాలు వస్తాయి. బి.ఎన్. రెడ్డి అంటే బొమ్మిరెడ్డి నరసింహారెడ్డి, పెద్దవారు, 1908లో పుట్టారు. ఆయన దర్శకులు. వాహినీ సంస్థకు మూలస్తంభం. ‘వందేమాతరం’, ‘స్వర్గసీమ’, ‘మల్లీశ్వరి’ ఆయన తీసినవి. నాగిరెడ్డి ఆయన తమ్ముడు. 1912 డిసెంబరు 2న కడప జిల్లా పొట్టిపాడులో పుట్టారు. విజయా సంస్థ నిర్మాత ఈయన. మరో తమ్ముడు కొండారెడ్డి ఛాయాగ్రాహకులు. అన్నగారికి 1974 సంవత్సరానికీ, తమ్ముడికి 1986 సంవత్సరానికీ దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం వచ్చింది. ‘మల్లీశ్వరి’ని నాగిరెడ్డి ఖాతాలోనూ, ‘మాయాబజార్’ను బి.ఎన్. రెడ్డి ఖాతాలోనూ వేసిన వ్యాసాలు నేను చాలా చూశాను. మీ వ్యాసంలో ఆ పొరపాటు రానివ్వకండి.

ఆ కుటుంబం రాయలసీమ నుంచి మద్రాసుకు చేరి, బర్మాకు ఉల్లిపాయలు ఎగుమతి చేసే వ్యాపారం చేసింది. ఉల్లి వ్యాపారం చేసినవాడికి ఒక భయం ఎప్పుడూ ఉంటుంది: సరుకు రేవులో ఆగిపోతే కుళ్ళిపోతుంది. ఆ తరువాత వచ్చింది బి.ఎన్.కె. ప్రెస్సు. ప్రెస్సులో ఇంకో రకం భయం ఉంటుంది: యంత్రం ఆగితే దాని మీద పెట్టిన డబ్బు ఆగుతుంది, పనివాడి జీతం మాత్రం ఆగదు. ఈ రెండు భయాలూ తెలిసిన మనిషి తరువాత స్టూడియో నడిపాడని గుర్తుంచుకుంటే, ఆయన నిర్ణయాలు చాలావరకు అర్థమవుతాయి.

ఈ భయం ఎలా ఉంటుందో నా అనుభవంతో చెబుతాను. 1981లో అప్పు చేసి ఒక సిలిండరు యంత్రం కొన్నాను. అప్పటిదాకా కాలితో తొక్కే ట్రెడిల్ మీదే పని. పెద్ద యంత్రం వస్తే పెద్ద పని దానంతట అదే వస్తుందని అనుకున్నాను. పెళ్ళిళ్ళ రోజుల్లో వచ్చింది. ఆషాఢంలో యంత్రం మీద గోనెసంచి కప్పి కూర్చున్నాను. వడ్డీ మాత్రం ఆషాఢమని ఆగలేదు. రెండో ఏడు నుంచి ఒక పద్ధతి పెట్టుకున్నాను: పెళ్ళిళ్ళు లేని నెలల కోసం నాలుగు నెలల ముందే పాఠశాలల నోటు పుస్తకాలు, పరపతి సంఘాల ఖాతా పుస్తకాలు ఒప్పుకుని ఉంచడం, అవీ చాలకపోతే పక్క ప్రెస్సుల పనిని తక్కువ ధరకైనా తీసుకోవడం. అప్పుడు గానీ నాకు ఊపిరి ఆడలేదు. స్టూడియోలో ఫ్లోరు (సెట్టు వేసి చిత్రీకరించే పెద్ద హాలు) కూడా అంతే. సెట్టు వేయడానికి కొన్ని రోజులు, చిత్రీకరణకు కొన్ని రోజులు, విప్పడానికి కొన్ని రోజులు పడుతుంది. సొంత సినిమాలు ఏడాదికి ఒకటో అరో తీసే సంస్థ అన్ని ఫ్లోర్లనూ తన పనితోనే నింపలేదు. కాబట్టి బయటి నిర్మాతలకు అద్దెకు ఇవ్వాలి. వారి పనికి అడ్డు రాకుండా తన పని ఇరికించుకోవాలి. సొంత సినిమా ఆడకపోయినా సంస్థ నిలబడేది ఈ అద్దెల మీదే.

స్టూడియో ఆయన కట్టించినది కాదన్నది కూడా రాయండి. మద్రాసు వడపళనిలో వాహినీ స్టూడియో 1948లో మొదలైంది. దాని వెనుక ఉన్నది అనంతపురం జిల్లాకు చెందిన మూలా నారాయణస్వామి గారి పెట్టుబడి, బి.ఎన్. రెడ్డి గారి కల. నాగిరెడ్డి దానిని ముందు కౌలుకు తీసుకుని నడిపి, తరువాత సొంతం చేసుకున్నారు. విజయా-వాహినీ స్టూడియో ఆసియాలోకెల్లా పెద్దదని పేరు తెచ్చుకుంది ఆయన చేతుల్లోనే. కట్టినవారి గొప్పతనాన్ని తగ్గించకుండా, నడిపినవారి గొప్పతనాన్ని చెప్పాలి. మన ఊళ్ళలో సత్రాలు కట్టించినవారు చాలామంది ఉన్నారు. వందేళ్ళ తరువాతా ఆ సత్రంలో పొయ్యి వెలుగుతోందంటే నడిపినవాడూ గట్టివాడే అయి ఉండాలి.

ఇక సినిమాలు. 1950 నుంచి 1962 వరకు విజయా వారు తెలుగులో తీసినవి వరుసగా ఇవి: ‘షావుకారు’ (1950), ‘పాతాళభైరవి’ (1951), ‘పెళ్ళిచేసి చూడు’ (1952), ‘చంద్రహారం’ (1954), ‘మిస్సమ్మ’ (1955), ‘మాయాబజార్’ (1957), ‘అప్పుచేసి పప్పుకూడు’ (1959), ‘జగదేకవీరుని కథ’ (1961), ‘గుండమ్మ కథ’ (1962). తొమ్మిది సినిమాలు. ఇప్పుడు దర్శకుల పేర్లు రాసుకోండి. ఎల్.వి. ప్రసాద్ నాలుగు, కె.వి. రెడ్డి మూడు, కమలాకర కామేశ్వరరావు రెండు. తొమ్మిది సినిమాలకు ముగ్గురే దర్శకులు. సంగీతం చూడండి. ఘంటసాల, సాలూరి రాజేశ్వరరావు, పెండ్యాల. అక్కడా ముగ్గురే. కెమెరా దగ్గర మార్కస్ బార్ట్‌లే, కళ దగ్గర గోఖలే, కళాధర్, మాటలూ పాటలూ అంటే ఎక్కువగా పింగళి నాగేంద్రరావు. ఇది ఏదో కుదిరిపోయిన విషయం కాదు. ఒక సినిమాకు ఒక ముఠాను పోగుచేసి, ఆ తరువాత వదిలేసే నిర్మాతకు ఈ జాబితా రాదు. నటుల్లో కూడా కొందరిని నెల జీతం మీద, కొన్ని చిత్రాల ఒప్పందం మీద పెట్టుకున్నారు. ఎన్.టి. రామారావు గారు విజయా సంస్థలో అడుగుపెట్టింది ఆ పద్ధతిలోనే.

ఈ జాబితాలో నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది కమలాకర కామేశ్వరరావు గారి వరుస. కె.వి. రెడ్డి దగ్గర సహాయకుడిగా పనిచేసిన ఆయనకు ‘చంద్రహారం’ అప్పగించారు. భారీగా తీశారు, ఆడలేదు. మొదటి సినిమా పోయిన దర్శకుణ్ణి మళ్ళీ పిలిచే నిర్మాత ఈనాడు ఎంతమంది ఉంటారో మీరే ఆలోచించండి. ఎనిమిదేళ్ళ తరువాత అదే సంస్థ, రామారావు, నాగేశ్వరరావు, సావిత్రి, జమున, ఎస్.వి. రంగారావు, సూర్యకాంతం అందరూ ఉన్న ‘గుండమ్మ కథ’ను ఆయన చేతిలోనే పెట్టింది. ప్రెస్సులో కూడా ఇలాంటి సందర్భాలు వస్తాయి. మంచి కంపోజిటరు ఒకసారి ఫారం (ఒకేసారి అచ్చయ్యే పుటల అక్షరాలు పేర్చిన చట్రం) జారవిడిచి ఎనిమిది పుటల అక్షరాలు నేలపాలు చేస్తాడు. తెలుగు అక్షరాలకు వత్తులు, గుణింతాలు కలిపి అక్షరాల పెట్టెలో వందల గళ్ళు ఉంటాయి. వాటిని మళ్ళీ ఏరి గళ్ళలో వేయడానికి రెండు రోజులు పడుతుంది. ఆ కోపంలో అతణ్ణి పంపేస్తే నష్టపోయేది యజమానే, ఎందుకంటే ఆ చేతికి తెలిసిన గళ్ళు కొత్త చేతికి తెలియడానికి ఏడాది పడుతుంది. నాగిరెడ్డికి ఈ లెక్క తెలుసు.

మరో పోలిక. ప్రెస్సుకు రాతప్రతి రాగానే మేము ముందు చేసే పని, అది అచ్చులో ఎన్ని పుటలు వస్తుందో లెక్కకట్టడం. లెక్క తప్పితే కాగితం తక్కువ పడుతుంది, లేదా చివరి ఫారం సగం ఖాళీగా మిగులుతుంది. కె.వి. రెడ్డి గారు స్టాప్‌వాచ్ పట్టుకుని, ప్రతి సన్నివేశం ఎన్ని నిమిషాలు వస్తుందో, ఎన్ని అడుగుల ఫిల్ము పడుతుందో ముందే లెక్కకట్టి గానీ చిత్రీకరణకు వెళ్ళేవారు కారని ఆయనతో పనిచేసినవారు అందరూ చెప్పే మాట. అలాంటి దర్శకుడికీ, పుటల లెక్క తెలిసిన నిర్మాతకూ పొత్తు కుదరడం సహజం. పొదుపు అంటే తక్కువ ఖర్చు పెట్టడమని మీరు అనుకోకండి. ‘మాయాబజార్’లో ద్వారక కనిపించే దృశ్యం కోసం సుమారు 300 బొమ్మ ఇళ్ళు కట్టి, వాటిలో దీపాలు వెలిగించారు. ‘లాహిరి లాహిరి’ పాటలో మనం చూసే వెన్నెల అంతా బార్ట్‌లే దీపాలతో, కెమెరా పనితనంతో పుట్టించినదే. ఖర్చు ఎక్కడ తెర మీద కనబడుతుందో అక్కడ పెట్టి, ఎక్కడ కనబడదో అక్కడ ఆపడం వారి పొదుపు.

ఇక నాగిరెడ్డి చేయని పని గురించి. అది కూడా ఆయన గొప్పతనంలో భాగమే. విజయా సినిమాల మీద ‘నాగిరెడ్డి-చక్రపాణి’ అని జంట పేరు ఉంటుంది. చక్రపాణి అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు, తెనాలి వాస్తవ్యులు. క్షయ వ్యాధికి మదనపల్లె శానిటోరియంలో చికిత్స పొందుతూ బెంగాలీ నేర్చుకుని, శరత్ నవలలను తెలుగు చేసినవారు. తన పుస్తకాలు అచ్చువేయించుకునే పని మీద బి.ఎన్.కె. ప్రెస్సుకు రావడంతో ఇద్దరికీ స్నేహం కుదిరింది. కథ ఎలా ఉండాలి, ఏ మాట ఉండాలి, ఏది పోవాలి అన్నది చక్రపాణి తేల్చేవారు. జీతాలు, ఫ్లోర్లు, ఫిల్ము, పంపిణీ, అప్పులు, బయటి నిర్మాతలు నాగిరెడ్డి చూసేవారు. అచ్చువేసేవాడికి రాతప్రతిలో తనకు నచ్చని వాక్యం కనిపించవచ్చు. దానిని దిద్దడం మాత్రం అతని పని కాదు, రచయితకు ప్రూఫు పంపడం వరకే అతని పని. డబ్బు తనదే అయినప్పుడు ఈ హద్దు పాటించడం ఎంత కష్టమో నేను చెప్పగలను. ఇరవై ఐదేళ్ళకు పైగా, 1975లో చక్రపాణి పోయేవరకు, వారు ఆ హద్దు పాటించారు.

ఆ హద్దుకు ఒక చేదు పరీక్ష కూడా ఎదురైంది. ‘మిస్సమ్మ’ మొదట భానుమతి గారితో మొదలైంది. ఆమెకూ చక్రపాణికీ పట్టింపు వచ్చి ఆమె తప్పుకున్నారు. తీసిన ఫిల్ము వృథా అయింది. ఆ పాత్ర సావిత్రి గారికి దక్కింది. అప్పటికే ఖర్చయిన డబ్బును చూసి భాగస్వామి మీద ఒత్తిడి తెచ్చే నిర్మాత అయితే మనకు ఈ ‘మిస్సమ్మ’ ఉండేది కాదు. ఇందులో ఎవరిది తప్పు అన్న చర్చలోకి నేను వెళ్ళను. భానుమతి గారు తానే నిర్మాతగా, దర్శకురాలిగా నిలబడిన మనిషి. ఆమె పట్టుదలా నాకు గౌరవనీయమే.

మీరు మన ప్రాంతపు విద్యార్థి కాబట్టి ఒక సంగతి ప్రత్యేకంగా రాయమని అడుగుతున్నాను. పైన చెప్పిన తొమ్మిది సినిమాల్లో ఒక్క ‘జగదేకవీరుని కథ’ తప్ప మిగిలిన ఎనిమిదింటి సంగీతం విజయనగరం నీళ్ళు తాగిన ఇద్దరిదే. ఘంటసాల కృష్ణా జిల్లా నుంచి వచ్చి, మన వీధుల్లో మధూకరం ఎత్తుకుని, ఇక్కడి సంగీత కళాశాలలో చదువుకుని, పట్రాయని సీతారామశాస్త్రి గారి శిష్యులైనవారు. రాజేశ్వరరావు పుట్టిందే సాలూరు పక్కన శివరామపురంలో. ‘మాయాబజార్’కు కొన్ని వరసలు కట్టి రాజేశ్వరరావు తప్పుకోగా, మిగిలిన సంగీతం ఘంటసాల పూర్తిచేశారు. అంటే ఆ ఒక్క సినిమాలో ఇద్దరూ ఉన్నారు. ‘మిస్సమ్మ’లో ‘బాలనురా మదనా’ పాడిన సుశీల గారిది విజయనగరమే. మా ప్రెస్సులో ఉదయం రేడియోలో ఆ పాట వస్తే, ఫోర్‌మన్ ట్రెడిల్ మీద నుంచి కాలు తీసేసేవాడు. పాట అయ్యేదాకా ఎవరూ ఏమీ అనేవారు కాదు.

మన ప్రాంతానికి ఉన్న మరో ముడి ‘చందమామ’. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి దానిని మొదలుపెట్టారు. చాలా వ్యాసాలు ‘చందమామ’ను నాగిరెడ్డి జీవితంలో ఒక పక్క గదిగా చూపించి, సినిమాను నట్టింట్లో కూర్చోబెడతాయి. నేను దానిని ఒప్పుకోను. ఆయన సినిమా పద్ధతి అంతా ముందు ఆ పత్రికలో కనబడింది. నెల నెలా తప్పకుండా రావలసిన పని, పలు భాషల్లో ఒకేసారి, జీతం మీద ఉన్న రచయితలు, చిత్రకారులు. ఒకే కథను తెలుగులోనూ తమిళంలోనూ తీసిన విజయా సినిమాలను దీని పక్కన పెట్టి చూడండి. ఆ పత్రిక ముఖచిత్రాలు దశాబ్దాల పాటు వేసిన వడ్డాది పాపయ్య గారు మీ శ్రీకాకుళం మనిషి. 1921లో అక్కడే పుట్టి, 1992లో కన్నుమూశారు. రంగుల అచ్చులో పసుపు, ఎరుపు, నీలం, నలుపు ఒకదాని మీద ఒకటి పడాలి. ఏ రంగు వెంట్రుక వాసి జరిగినా బొమ్మ కంటి అంచు రెండుగా కనబడుతుంది. మేము దానిని రిజిస్టరు తప్పడం అంటాం. ఎప్పుడు ‘చందమామ’ చేతికి వచ్చినా నేను కథ కన్నా ముందు భూతద్దం పెట్టి వ.పా. గారి బొమ్మలో స్త్రీమూర్తి కనురెప్ప చివర చూసేవాణ్ణి. ఆయన ఊదా నీడలు, పలచని పసుపు కాంతి అంత సున్నితంగా కాగితం మీదకు దిగాలంటే, చిత్రకారుడి చేయి ఒక్కటే చాలదు, యంత్రం దగ్గర నిలబడిన మనిషికీ ఆ బొమ్మ మీద గౌరవం ఉండాలి. మా ప్రెస్సులో రెండు రంగుల శుభలేఖకే మేము చెమటలు కక్కేవాళ్ళం.

విజయా పేరుకు మన ఊళ్ళలో ఎంత విలువ ఉండేదో ఒక చిన్న ఉదాహరణతో చెబుతాను. 1970 దశకం మధ్యలో రాజాం వైపు ఒక డేరా హాలు యజమాని ‘పాతాళభైరవి’ మళ్ళీ వేస్తూ కరపత్రానికి వచ్చాడు. మామూలుగా హీరో పేరు పెద్ద అక్షరాల్లో, సంస్థ పేరు చిన్న అక్షరాల్లో వేస్తాం. అతను ప్రూఫు చూసి ‘విజయా వారి’ అన్న రెండు మాటలను సినిమా పేరుతో సమానంగా వేయమన్నాడు. నా దగ్గర ఆ సైజు చెక్క అక్షరాలు చాలక, ‘వి’ ఒకటి పక్క ప్రెస్సు నుంచి అరువు తెచ్చాను. ఎందుకు ఇంత పట్టు అని అడిగితే, తెర మీద విజయా వారి గుర్తయిన ఆ కపిధ్వజం (హనుమంతుడి బొమ్మ ఉన్న) జెండా ఎగరగానే నేల తరగతిలో ఆడవాళ్ళు కొంగు సర్దుకుని నిమ్మళంగా కూర్చుంటారని, ఇది పిల్లాపాపలతో చూడదగిన సినిమా అని వారికి ఆ జెండాయే చెబుతుందని అన్నాడు. ఒక సంస్థ పేరు చూసి టిక్కెట్టు కొనడం అంటే ఏమిటో ఆ రోజు నాకు అర్థమైంది. తొమ్మిది సినిమాలకు అదే బృందం పనిచేయడం వల్ల పుట్టిన నమ్మకం అది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా నా దగ్గర ఉంది. 1980 దశకంలో శ్రీకాకుళం వైపు నుంచి ఒక భూస్వామి కొడుకు సినిమా తీయబోయాడు. పేరు అనవసరం, మంచి మనిషి. కొబ్బరితోట అమ్మాడు. కథ ఒకరిది, దర్శకుడు వేరొకరు, స్టూడియో అద్దెది, కెమెరా అద్దెది, నటులు రోజుకు ఇంత అని. ఎవరికీ మరొకరితో ముందు పరిచయం లేదు. ఒకరు రాకపోతే ఆ రోజు అందరి ఖర్చూ ఇతని నెత్తిన పడేది. సినిమా పూర్తయింది గానీ, ప్రాసెసింగు బాకీ తీరలేదు. బాకీ తీరేదాకా నెగెటివు ల్యాబులోనే ఉంటుంది, ప్రింటు బయటికి రాదు. విడుదల తేదీ ఖాళీ వదిలి నేను వేసిన ఐదు వేల కరపత్రాలు చాలా ఏళ్ళు మా అటక మీద ఉన్నాయి. ఆయన పెట్టింది కూడా డబ్బే, నాగిరెడ్డి పెట్టింది కూడా డబ్బే. ఒకరికి చుట్టూ సంస్థ ఉంది, మరొకరికి లేదు. మీ ప్రశ్నకు ఇంతకన్నా దగ్గరి జవాబు నా దగ్గర లేదు.

కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. మొదటిది, ఈ పద్ధతిని స్వర్ణయుగం అని ఒక్క మాటతో తేల్చేయకండి. నెల జీతం భద్రత ఇస్తుంది, అదే సమయంలో కట్టివేస్తుంది. పేరు పెరిగిన నటుడికి బయట దొరికే మొత్తం ముందు ఆ జీతం చిన్నదైపోతుంది. నటుల పారితోషికం పెరిగి, చిత్రీకరణ స్టూడియో గోడలు దాటి ఆరుబయటకు వెళ్ళి, రంగుల ఫిల్ము వచ్చి, పరిశ్రమ మద్రాసు నుంచి హైదరాబాదు వైపు జరగడం మొదలయ్యాక, అన్ని ఫ్లోర్లనూ అంతమంది మనుషులనూ ఏడాది పొడవునా పోషించడం ఎవరి తరమూ కాలేదు. రెండోది, 1962 తరువాత తెలుగులో విజయా వారికి మునుపటి విజయం దక్కలేదు. 1965లో ‘సత్య హరిశ్చంద్ర’, 1968లో ‘ఉమా చండీ గౌరీ శంకరుల కథ’, రెండూ కె.వి. రెడ్డి తీసినవే, రెండూ నిరాశపరిచాయి. అదే బృందం, అదే శ్రద్ధ, కాలం మాత్రం మారింది. నాకు తోచేది, అచ్చు బాగున్నా పాఠకుడు మారిపోయిన సందర్భం అది. అయితే అదే కాలంలో నాగిరెడ్డి తమిళంలో ‘ఎంగ వీట్టు పిళ్ళై’ (1965), హిందీలో ‘రామ్ ఔర్ శ్యామ్’ (1967), ‘జూలీ’ (1975) తీసి గట్టెక్కారు. తెలుగు వ్యాసాలు ఈ భాగాన్ని రెండు వాక్యాల్లో దాటవేస్తాయి. మీరు అలా చేయకండి. యంత్రం ఆగకూడదన్న పట్టుదల ఇక్కడా కనిపిస్తుంది.

1972లో ఆయన స్టూడియో ఉన్న వడపళనిలోనే విజయా ఆసుపత్రిని నెలకొల్పారు. 1980 దశకం మొదట్లో తిరుమల తిరుపతి దేవస్థానాల పాలకమండలి అధ్యక్షులుగా పనిచేశారు. 2004 ఫిబ్రవరి 25న మద్రాసులో కన్నుమూశారు. ఈ భాగం మీ వ్యాసంలో ఒక పుట చాలు. అసలు బరువు 1947కూ 1962కూ మధ్య ఉంది.

ఎక్కడ మొదలుపెట్టాలని కూడా అడిగారు కాబట్టి చెబుతున్నాను. ముందు ‘షావుకారు’, ‘మిస్సమ్మ’, ‘మాయాబజార్’, ‘గుండమ్మ కథ’ల పేర్లు పడే భాగాన్ని ఆపి ఆపి చూసి, కనబడిన ప్రతి పేరూ ఒక పట్టికలో రాసుకోండి. నటుల పేర్లు వదిలి, కెమెరా, శబ్దం, కళ, నృత్యం, కూర్పు దగ్గర ఏ పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయో గుర్తులు పెట్టండి. ఆ తరువాత మీ జిల్లా గ్రంథాలయంలో గానీ, ఎవరి ఇంటి అటక మీద గానీ 1950, 60 దశకాల ‘చందమామ’ సంచికలు దొరికితే, కథల దగ్గర ఆగకుండా చివరి పుటల్లో అడుగున ఉండే సన్నని అక్షరాల పంక్తి చదవండి. ప్రతి పత్రికా తనను అచ్చువేసినవారి పేరు చెప్పాలని చట్టం. అక్కడ సంచాలకుడిగా చక్రపాణి పేరు, ముద్రణ బి.ఎన్.కె. ప్రెస్సు అని, ముద్రాపకుడిగా బి. నాగిరెడ్డి అని ఉంటుంది. ‘మాయాబజార్’ విడుదలైన 1957 మార్చి నాటి సంచిక దొరికితే ఆ పంక్తిని ఫోటో తీసుకుని, వ్యాసం మొదటి పుటలోనే పెట్టండి.